అయోనా తీరమున కొలుంబా భక్తుడు

స్కాట్లాండు పశ్చిమ తీరము చినిగిన వస్త్రపు అంచును పోలియుండును. అట్లాంటిక్ మహాసముద్రము కొండల సందులలోనికి చొచ్చుకొనివచ్చి, నేలను ముక్కలు ముక్కలుగా విడదీసి, వందలకొలది దీవులను చేసినది. వాటిలో పెద్దవైన కొన్నింటిలో మల్ ఒకటి. మల్ దీవికి నైరుతి కొనన, సుమారు ఒక మైలు వెడల్పుగల జలసంధికి ఆవల, అయోనా అను చిన్న దీవి యున్నది. దాని పొడవు అయిదు కిలోమీటర్లకు కొంచెము మించును. వెడల్పు సుమారు రెండు కిలోమీటర్లే. దానిలో మిక్కిలి ఎత్తయిన గుట్ట 101 మీటర్లు మాత్రమే. ఇప్పటికిని అచ్చటికి చేరుటకు ఓబన్ రేవులో ఓడ యెక్కి మల్ దీవిలో దిగి, దాదాపు 60 కిలోమీటర్లు ఇరుకైన దారిలో ప్రయాణము చేసి, మరల చిన్న ఓడలో జలసంధిని దాటవలెను. ఏడాది పొడుగునా అచ్చట నివసించు జనులు రెండు వందల మందికి లోపే.

ఆ దీవి రాయి మిక్కిలి పురాతనమైనది. భూగర్భశాస్త్రజ్ఞులు లూయిసియన్ నైస్ అని పిలుచు ఆ బూడిదరంగు రాయి వయస్సు రెండు వందల కోట్ల సంవత్సరములకు పైబడినది. జలసంధికి ఈవల మల్ కొననున్న ఎర్రని గ్రానైటు, దాని ప్రక్కన నిలిపి చూచినయెడల, నిన్నమొన్నటిదే. దీవికి పడమట గవ్వల పొడి కలిసిన తెల్లని ఇసుక గాలికి కొట్టుకొనివచ్చి పరచుకొనగా, దానిమీద దట్టమైన పచ్చిక మొలిచినది. గేలిక్ భాషలో అట్టి నేలను మాఖర్ అందురు. అది దున్నుటకు అనువైనది. దీవిలో తక్కిన భాగము చాలవరకు రాయి, బురద, హెదర్ పొదలు. చెట్లు బహు అరుదు, ఏలయనగా సముద్రపు గాలి వాటిని ఎదుగనియ్యదు. జూన్ మాసములో పగలు 17 గంటలకు పైగా నుండును. డిసెంబరులో సుమారు ఏడు గంటలే. ఎండకాసిన దినమున తెల్లని ఇసుక మీద సముద్రపు నీరు ఆకుపచ్చగా మెరయును. మరునాడే వాన తెరవలె దిగి ఎదుటి ఒడ్డు కనబడకుండ పోవును.

ఈ దీవికి క్రీ. శ. 563వ సంవత్సరమున నలువది రెండేండ్ల ఐర్లాండు దేశస్థుడొకడు తోలు పడవలో వచ్చెను. ఆయన పేరు కొలుంబా. తరువాతి 34 సంవత్సరములు ఆ దీవియే ఆయనకు ఇల్లు. ఆయనను స్కాట్లాండుకు సువార్త తెచ్చిన మహనీయులలో ఒకనిగా చరిత్ర ఎరుగును. అయితే అచ్చటికి వచ్చిన దినమున ఆయన వెనుక ఒక యుద్ధమును, ఒక సంఘ బహిష్కరణయు ఉండెనని చాలమంది ఎరుగరు. ఆయన జీవితమును ఆ చివరనుండి చదువుట మంచిది.

కొలుంబాను గూర్చి మనకు తెలిసినదానిలో ఎక్కువ భాగము అడమ్నాన్ వ్రాసిన గ్రంథమునుండి వచ్చినది. అడమ్నాన్ అయోనా మఠమునకు తొమ్మిదవ అధిపతి. కొలుంబా మరణించిన సుమారు నూరేండ్లకు, వృద్ధుల నోట వినినదానిని, పూర్వులు వ్రాసి యుంచినదానిని కూర్చెను. ఆ గ్రంథము ప్రవచనములు, అద్భుతములు, దేవదూతల దర్శనములు అని మూడు భాగములు. తన గురువును పొగడుటకే వ్రాసినవాడు గనుక వానిని జాగ్రత్తగా చదువవలెను. అయినను అద్భుతముల నడుమ, తాను గమనింపకయే, ఆ దీవి జీవితమును అడమ్నాన్ కన్నులకు కట్టినట్లు చూపెను. పడవలు, పాలకుండలు, ధాన్యపు రాసులు, సిరా, గాలి దిక్కు, అలసిన కూలివారి భుజములు, ఇవన్నియు అందులో ఉన్నవి. ఇవి కల్పించవలసిన అవసరము ఎవరికిని లేదు.

పేరును గూర్చి ఒక మాట. కొలుంబా అనగా లాటిన్ భాషలో పావురము. హెబ్రీ భాషలో పావురమునకు యోనా అని పేరు. తన గురువు పేరును నీనెవెకు పంపబడిన ప్రవక్త పేరును ఒకటేయని అడమ్నాన్ సంతోషముతో వ్రాసెను. దీవి పేరు మాత్రము మొదట యోనా కాదు. పూర్వపు వ్రాతలలో అది అయోవా అని యుండగా, తరువాతి లేఖకులు ఒక అక్షరమును మరియొకటిగా పొరబడి చదివినందున అయోనా అయినది. దేవుని యెదుటనుండి ఓడయెక్కి పారిపోయిన ప్రవక్త పేరు, దేశము విడిచి ఓడలో వచ్చినవాని దీవికి ఇట్లు లేఖకుల పొరపాటున అంటుకొనుట విచిత్రమే.

ఆయన క్రీ. శ. 521 ప్రాంతమున ఐర్లాండుకు ఉత్తరమున డోనెగాల్ సీమలో రాజవంశమున జన్మించెను. నియల్ అను సుప్రసిద్ధుడైన రాజునకు ఆయన తండ్రి మునిమనుమడు. ఆ వంశమువారే ఐర్లాండు ఉత్తర భాగమును ఏలుచుండిరి. కొలుంబా కోరినయెడల సింహాసనము ఆయనకు దూరము కాకపోయి యుండును. కాని బాల్యమునుండి ఒక పాదిరి యొద్ద పెరిగి, పేరుపొందిన బోధకుల యొద్ద లేఖనములు నేర్చి, మఠవాసియై, మఠములను స్థాపించెను. సింధూరపు తోపుల నడుమనున్న డెర్రీ వాటిలో మొదటిదని చెప్పుదురు. అయినను రాజవంశపు నెత్తురు మఠపు వస్త్రముల క్రింద చల్లారలేదు. ఆయన స్వరము మిక్కిలి గంభీరము, కోపము త్వరితము, బంధువర్గము బలమైనది. ఈ మూడును కలిసిన మనుష్యుడు ఎచ్చట నున్నను ప్రమాదమే.

ప్రమాదము ఒక పుస్తకముద్వారా వచ్చెనని తరువాతి కాలపు కథ చెప్పుచున్నది. ఫినియన్ అను తన గురువు యొద్దనున్న అమూల్యమైన కీర్తనల గ్రంథమును కొలుంబా రాత్రివేళల రహస్యముగా చూచి వ్రాసికొనెనట. గురువు ఆ ప్రతి తనకే చెందవలెననెను, శిష్యుడు ఒప్పుకొనలేదు. తగవు డయర్మిడ్ రాజు యొద్దకు పోగా, ఆవు ఎవరిదో దూడయు వారిదే అయినట్లు, పుస్తకము ఎవరిదో దాని ప్రతియు వారిదేయని రాజు తీర్పు చెప్పెను. దీనికి తోడు, కొలుంబా శరణు చొచ్చిన ఒక రాజకుమారుని రాజు చంపించెనని కూడ చెప్పుదురు. ఈ కథ అడమ్నాన్ గ్రంథములో లేదు. వివరముగా వ్రాయబడినది 16వ శతాబ్దములోనే. కాబట్టి పుస్తకపు తగవును నిశ్చయముగా చరిత్ర యనలేము. నిశ్చయమైనది ఇది: 561 ప్రాంతమున కూల్ డ్రెవ్నె అనుచోట కొలుంబా బంధువులు రాజుతో యుద్ధము చేసి గెలిచిరి, అనేకులు కూలిరి, ఆ నెత్తుటిలో కొలుంబాకు పాలున్నదని దేశము తలంచెను.

డబ్లిన్ నగరములోని రాయల్ ఐరిష్ అకాడమీలో ఒక పాత కీర్తనల వ్రాతప్రతి నేటికిని ఉన్నది. 58 దళములు మాత్రము మిగిలినవి. ఆరవ శతాబ్దపు చివర, లేక ఏడవ శతాబ్దపు మొదట వ్రాయబడిన ఆ ప్రతి కొలుంబా స్వహస్తముతో వ్రాసినదేయని పరంపర. దానికి కహఖ్ అని పేరు. యుద్ధము చేయునది అని అర్థము. కొలుంబా వంశపు సేనలు పోరుకు పోవునప్పుడు దానిని వెంట తీసికొని పోయెడివారు. దేవుని స్తుతించు కీర్తనలకు అట్టి పేరు కలుగుట ఎంత విచారము!

యుద్ధము తరువాత టెల్టౌన్ అనుచోట సంఘపెద్దలు కూడి కొలుంబాను వెలివేసిరి. ఆ తీర్పు అన్యాయమని అడమ్నాన్ అనును. శిష్యుడు మరేమి అనగలడు? ఆయన ఆ సభకు రాగా, బిర్ పట్టణపు బ్రెండన్ అను పెద్ద ఒక్కడు లేచి, అందరు చూచుచుండగా ఆయనకు ముద్దుపెట్టి ఆహ్వానించెను. ఆయనను తృణీకరింపవద్దని వాదించి, తక్కినవారి మనస్సు మార్చెను. వెలి తొలగిపోయెను. కాని చచ్చినవారు లేవలేదు. ఆ యుద్ధము జరిగిన రెండవ యేట కొలుంబా పన్నెండుగురు సహచరులతో సముద్రమెక్కెను. ఎన్ని ప్రాణములు పోయెనో అన్ని ఆత్మలను రక్షణలోనికి నడిపించువరకు తిరిగి రాకూడదని శిక్ష విధించిరని జనులు చెప్పుదురు. అడమ్నాన్ చెప్పినది అంతకంటె చిన్నది, అంతకంటె నమ్మదగినది: క్రీస్తుకొరకు యాత్రికుడు కాగోరి వెళ్లెననెను.

వారు వచ్చిన పడవ కృష్ణా, తుంగభద్రా నదులలో తిరుగు పుట్టి వలె అల్లిన కర్రల చట్రముమీద తోలు బిగించినదే; అయితే గుండ్రముగా గాక పొడవుగా, తెరచాపతో, మహాసముద్రపు అలలకు తగినట్లు చేయబడినది. దీవి దక్షిణపు కొనన గులకరాళ్లు నిండిన ఒక కూలములో దిగిరని పరంపర. అచ్చటి రాళ్లలో పచ్చని సర్పెంటైను ముక్కలు నేటికిని దొరకును. దాపుననున్న గుట్టకు, ఐర్లాండుకు వీపు త్రిప్పిన గుట్ట అని గేలిక్ భాషలో పేరు. కొలుంబా దాని నెక్కి, స్వదేశము కనబడుట లేదని నిశ్చయించుకొనిన తరువాతనే అచ్చట నిలిచెనని కథ. అందమైన కథయే. కాని ఆయన తరువాతి సంవత్సరములలో ఐర్లాండుకు పలుమారులు పోయి వచ్చెనని అడమ్నాన్ స్పష్టముగా వ్రాసెను. వీపు త్రిప్పుట ఒక దినపు పని కాదు. అది ముప్పది నాలుగు సంవత్సరములు సాగెను.

దీవిని ఎవరిచ్చిరి? దాల్ రియాతా రాజైన కోనల్ ఇచ్చెనని ఐర్లాండు వార్షిక వృత్తాంతములు చెప్పుచున్నవి. ఉత్తర దేశపు పిక్టులు ఇచ్చిరని ఇంగ్లాండు చరిత్రకారుడైన బీడ్ వ్రాసెను. ఎవరిచ్చినను, ఇచ్చిన వానిలో రాజరికపు వైభవము లేదు. జలసంధి వైపు వాలులో సహోదరులు గుడిసెలు వేసికొనిరి. చుట్టును మట్టికట్ట, కందకము త్రవ్విరి. ఆ కట్ట ఆనవాలు ఇప్పటికిని చూడవచ్చును. గుట్టమీద పలకలతో ఎత్తుగా కట్టిన చిన్న గదిలో కొలుంబా వ్రాసికొనుచుండెడివాడు. మఠపు ఎదుటనున్న రాతి గుట్టమీద 1957లో త్రవ్వకము జరుపగా కాలిన హేజల్ కొయ్య దొరికెను. ఆ కొయ్య 540కి, 650కి నడుమ కాలమునకు చెందినదని 2017లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ గది అదే కావచ్చును.

చెట్లు లేని దీవిలో ఇల్లు కట్టుటకు కొమ్మలు కూడ పొరుగునుండి తేవలెను. ఒకసారి అతిథిగృహము కొరకు సహోదరులు ఒక గృహస్థుని పొలమునుండి కొమ్మలు నరికి పడవ నింపి తెచ్చిరి. ఆ మనుష్యుడు మిక్కిలి నొచ్చుకొనెనని చెప్పగా, కొలుంబా వెంటనే ఆరు కొలతల బార్లీ విత్తనములు పంపి, విత్తుమని చెప్పించెను. జూన్ సగము గడచినది, విత్తు కాలము దాటినది; అయినను అతడు విత్తి ఆగస్టు మొదటనే కోసెను. అడమ్నాన్ దృష్టి అకాలపు పంట మీద ఉన్నది. చదువరి దృష్టి మాత్రము ఆ ఆరు కొలతలమీద నిలుచును. సింహాసనము వంటి హక్కులతో పుట్టినవాడు, ఒక పల్లెవాని కొమ్మలకు వెల లెక్కించి పంపెను.

పొలము దీవికి పడమటి వైపున, మఠము తూర్పున. కోతకాలమున సహోదరులు పనలు వీపున మోసికొని, సాయంకాలమున గుట్టలు దాటి రావలెను. ఒక కోతకాలమున వారు సగము దారిలో ఒకచోటికి వచ్చునప్పటికి ప్రతి సాయంకాలమును బరువు తగ్గినట్లు, ఏదో మంచి సువాసన, ఆనందము కలిగినట్లు అనుభవించిరి. ఇది యేమని ఒకరినొకరు అడుగగా, కొలుంబాకు బంధువును, పనివారికి పెద్దయునైన బెయితీన్ కారణము చెప్పెను. వృద్ధుడైన గురువు, శరీరమున వారికెదురు రాలేక, వారి శ్రమను తలంచుకొని చింతించుచు, ఆత్మలో వచ్చి కలిసికొనుచున్నాడనెను. ఆ మాటను ఎట్లు గ్రహించినను సరే. దానిని చెప్పిన పనివారికి తమ గురువుమీద ఎట్టి నమ్మకముండెనో తెలియుచున్నది.

ఆవులున్నచోట స్త్రీలుందురు, స్త్రీలున్నచోట కలహముండునని తలంచి కొలుంబా దీవిమీద ఆవులను ఉండనియ్యలేదని ఒక పాత పుకారు కలదు. అది ఒట్టి మాట. అడమ్నాన్ గ్రంథములో పశువుల కొట్టము, పాలకుండలు, వానిని మోయు గుఱ్ఱము స్పష్టముగా నున్నవి. రొట్టెలు కాల్చు సహోదరుడొకడు ఇంగ్లాండు దేశస్థుడు. దాపుననున్న చిన్న లంకలో సీల్ అను సముద్ర జంతువులు పిల్లలను పెట్టుచుండెను. అవి మఠము సొత్తు. ఎర్క్ అనువాడు కొలన్సే దీవినుండి రాత్రివేళ పడవలో వచ్చి, వాటిని దొంగిలింపగోరి, మల్ ఒడ్డున ఇసుక దిబ్బలలో బోర్లించిన పడవ క్రింద దాగియుండెను. కొలుంబా మనుష్యులను పంపి పట్టించెను. దొంగిలుట ఎందుకు, అవసరమైనప్పుడు వచ్చి అడుగరాదా యని గద్దించి, సీల్ మాంసమునకు బదులుగా గొఱ్ఱెను కోయించి ఇచ్చి పంపెను. కొంతకాలమునకు వానికి మరణము సమీపించినదని తెలిసి, టైరీ దీవిలోని మఠమునకు అధిపతిగానున్న బెయితీనుకు కబురు చేసి, కొవ్విన పశువును ఆరు కొలతల ధాన్యమును పంపించెను. అవి చేరిన దినముననే వాడు చనిపోయినందున, ఆ కానుకలు వాని సమాధి దినమున వచ్చినవారికి భోజనమాయెను.

అయోనాను మారుమూల దీవియని భూమిమీద నడచువారే అందురు. ఆ కాలమున రహదారి సముద్రమే. ఐర్లాండు నుండి, దీవులనుండి, గాల్ దేశమునుండి కూడ ఓడలు ఆ తీరములకు వచ్చుచు పోవుచుండెను. జలసంధికి ఆవలి ఒడ్డున నిలిచి యాత్రికులు కేక వేసినయెడల, ఈవలినుండి పడవ పోయి వారిని తెచ్చును. ఒకసారి అట్టి కేక వినబడగా, ఆ వచ్చువాడు నా సిరా కొమ్మును పడద్రోయునని కొలుంబా చెప్పెనట. వచ్చినవాడు గురువును ముద్దు పెట్టుకొనవలెనను ఆత్రమున త్వరపడగా, వాని వస్త్రపు చెంగు తగిలి సిరా ఒలికెను. మరియొకసారి ఘోరమైన తుపానులో కొలుంబా తక్కినవారితో కలిసి ఓడలోని నీరు తోడుచుండగా, మీరు తోడినందువలన మాకు ప్రయోజనము స్వల్పము, ప్రార్థించుడని నావికులు ఆయనతో చెప్పిరి. వారు మర్యాదగా చెప్పలేదు, నిజము చెప్పిరి. ఆయన చేద దించి ప్రార్థించెను.

స్వదేశమును విడిచిన బాధ ఆయనలో ఏనాడును ఆరిపోలేదని తెలుపు సంగతి ఒకటి ఉన్నది. ఒక దినమున ఆయన ఒక సహోదరుని పిలిచి, మూడవ దినమున పడమటి తీరమున కూర్చుండుమనెను. మధ్యాహ్నము గడచిన తరువాత ఐర్లాండు ఉత్తర భాగమునుండి ఒక కొంగ గాలికి కొట్టుకొనివచ్చి, అలసి ఒడ్డున పడును. దానిని మెల్లగా ఎత్తుకొని దాపునున్న ఇంటికి తీసికొనిపోయి, మూడు దినములు మూడు రాత్రులు పోషింపుమనెను. బలము వచ్చిన తరువాత అది మనయొద్ద ఉండ ఇచ్చగింపక తన దేశమునకు పోవుననెను. ఇంత శ్రద్ధ ఎందుకనగా అది తన స్వదేశపు పక్షియని కారణము కూడ చెప్పెను. సహోదరుడు అట్లే చేసెను. మూడు దినములైన తరువాత కొంగ పైకెగిరి, కొంతసేపు దారి చూచుకొని, తిన్నగా సముద్రము దాటి ఐర్లాండు దిక్కుగా పోయెను. పంపినవాడు దీవిలోనే ఉండెను.

నరహత్య చేసి తన యొద్దకు పారిపోయివచ్చిన వారిని కొలుంబా ఎట్లు చూచెననునది ఆయన జీవితములో మిక్కిలి ముఖ్యమైన విషయము. లిబ్రాన్ అని తరువాత పిలువబడినవాడు ఐర్లాండు పశ్చిమ సీమనుండి వచ్చెను. అతడొకని చంపి సంకెళ్లలో నుండగా, ధనికుడైన బంధువొకడు విలువ చెల్లించి మరణమునుండి తప్పించెను. బ్రదికినంతకాలము అతనికి దాసుడనై యుందునని ఒట్టు పెట్టుకొని, కొద్ది దినములకే తప్పించుకొని అయోనాకు వచ్చెను. తన పాపములన్నియు మోకాళ్లూని ఒప్పుకొనెను. కొలుంబా వెంటనే ఓదార్పు మాటలు చెప్పి మఠములో చేర్చుకొని యుండవచ్చును. అట్లు చేయలేదు. టైరీ దీవిలో ఏడు సంవత్సరములు పశ్చాత్తాప కాలము గడుపుమనెను. ఏడేండ్లు నిండిన పిమ్మట వచ్చినవానిని ప్రభురాత్రి భోజనమునకు చేర్చుకొనెను. కాని దానితో వ్యవహారము ముగియలేదు. ఒట్టు పెట్టుకొనిన యజమానుని యొద్దకు తిరిగి పొమ్మనెను, ముసలి తలిదండ్రులకు చేయవలసిన సేవయు ఇంకను బాకీ యున్నదనెను. దంతపు పనితనము గల కత్తినొకదానిని విడుదల వెలగా చేతికిచ్చి పంపెను.

అతడు భయముతోనే పోయెను. యజమానుడు కత్తిని తీసికొనబోవగా, అతని భార్య అడ్డుపడి, ఈ కానుకకంటె కొలుంబా ఆశీర్వాదమే మనకు మేలు, వెల లేకయే విడిచిపెట్టుమని చెప్పెను. అతడు భార్యమాట విని, దాసుని నడికట్టు విప్పివేసి, కత్తిని కూడ తిరిగి ఇచ్చెను. అచ్చటనుండి ఇంటికి పోగా అన్నదమ్ములు పట్టుకొని తలిదండ్రులను చూచుకొమ్మనిరి. వారములోపలనే తండ్రి చనిపోయెను. తల్లి సేవకు చిన్న తమ్ముడు తానుగా పూనుకొని అన్నను పంపివేసెను. ఇట్లు ఒక్కొక్క బాకీ తీరి, స్వతంత్రుడై అయోనాకు తిరిగి వచ్చినవానికి కొలుంబా లిబ్రాన్ అని పేరు పెట్టెను. విడుదల పొందినవాడని దాని అర్థము. అతడు మఠవాసియై, రెల్లు కోయు పనిలో చాలకాలము బ్రదికి, ముసలితనమున చనిపోయెను. తన వెనుక నెత్తురు ఉన్నవాడు మాత్రమే ఇంత ఓపికతో, ఇంత ఖండితముగా, మరియొకని నెత్తుటి లెక్కను తేల్పగలడు.

ఉత్తరముగా పిక్టుల దేశమునకు కొలుంబా ప్రయాణములు చేసెను. వారి భాష ఆయనకు రాదు, దుబాసీలద్వారా బోధించెను. నెస్ నది దగ్గర బ్రూడె రాజు కోట వెలుపల సాయంకాల ఆరాధన చేయుచుండగా డ్రూయిడ్లను ఆ దేశపు మాంత్రికులు ఆటంకపరచిరి. ఆయన కీర్తన యెత్తుకొనగా ఆ గంభీర స్వరమునకు రాజును జనులును బెదిరిరట. యౌవనములో ప్రమాదమైన స్వరమే ఇక్కడ పనికి వచ్చెను. ఆ కోటలో బ్రోయిఖాన్ అను డ్రూయిడు యొద్ద ఐర్లాండు బాలిక యొకతె దాసిగా నుండెను. ఆమెను విడువుమని కొలుంబా అడిగెను, వాడు ఒప్పుకొనలేదు. తరువాత రోగముచేత ప్రాణముమీదికి రాగా విడిచిపెట్టెను. రాజు మారుమనస్సు పొందెనని బీడ్ అనును. అడమ్నాన్ అంత దూరము పోలేదు. స్కై దీవిలో మాత్రము ఒక ముసలి అన్యుడు, ఇద్దరు యువకులు పడవలోనుండి మోసికొనివచ్చి ఎదుట దించగా, దుబాసీద్వారా వాక్యము విని, అచ్చటనే బాప్తిస్మము పొంది, అచ్చటనే చనిపోయెను. సహచరులు ఒడ్డున రాళ్లు పేర్చి సమాధి చేసిరి.

ఆయన రాజకీయములనుండి పూర్తిగా విడివడెనని చెప్పుట సరికాదు. 574లో ఏడాన్ ను దాల్ రియాతాకు రాజుగా నియమించి ఆశీర్వదించినది ఆయనే. రాజుల నడుమ పుట్టినవాడు రాజులకు దూరముగా ఉండజాలకపోయెను.

ఆయన అనంతరము 635లో ఐడాన్ అను అయోనా మఠవాసి ఇంగ్లాండుకు పోయి లిండిస్ఫార్న్ దీవినుండి ఉత్తర ఇంగ్లాండుకు సువార్త ప్రకటించెను. 795 నుండి వైకింగులు ఓడలలో వచ్చి అయోనాను దోచిరి. 806లో అరువది ఎనిమిది మందిని చంపిరి. ఇప్పుడక్కడ కనబడు రాతి దేవాలయము మధ్యయుగపుది. స్కాట్లాండులో సంస్కరణోద్యమమైన తరువాత పాడుబడి, 20వ శతాబ్దములో బాగుచేయబడెను. కొలుంబా చూచిన కట్టడమేదియు మిగులలేదు. రాళ్లు, పచ్చిక, గాలి మాత్రము అవే.

597వ సంవత్సరము మే మాసమున, నడువలేని ముసలితనములో, ఆయన బండి యెక్కి పడమటి పొలములో పనిచేయు సహోదరులను చూడబోయెను. తన కాలము సమీపమైనదని వారితో చెప్పగా వారు దుఃఖించిరి. బండిమీదనుండియే తూర్పు ముఖముగా తిరిగి దీవిని ఆశీర్వదించెను. జూన్ 8, శనివారమున తన సేవకునితో కలిసి ధాన్యపు కొట్టునకు పోయెను. లోపల రెండు రాసులుండెను. తాను విడిచిపోవలసి వచ్చినను తన కుటుంబమునకు ఈ యేటికి చాలినంత రొట్టెయున్నదని దేవుని స్తుతించెను. కుటుంబమనగా మఠములోని సహోదరులే. పరలోకము వాకిటనున్నవాడు గాదెలోని గింజలను చూచి సంతోషించెను.

తిరిగివచ్చుచు దారి సగములో ఒక చోట కూర్చుండెను. అప్పుడు కొట్టమునుండి మఠమునకు పాలకుండలు మోయు తెల్ల గుఱ్ఱము వచ్చి, ఆయన రొమ్మున తల పెట్టి, మనుష్యుని వలె కన్నీరు కార్చెను. సేవకుడు దానిని తోలబోగా కొలుంబా వలదనెను. బుద్ధిగల మనుష్యుడవైన నీకు నా మరణము నేను చెప్పువరకు తెలియలేదు, దానికి సృష్టికర్తయే తెలియజేసెననెను. తరువాత మఠము కనబడు చిన్న గుట్ట యెక్కి ఆశీర్వదించి, దిగి వచ్చి, వ్రాత గదిలో కూర్చుండెను.

ఆ సాయంకాలము ఆయన వ్రాయుచుండినది కీర్తనల గ్రంథమే. 34వ కీర్తన 10వ వచనమునకు వచ్చెను. సింహపు పిల్లలు ఆకలిగొనినను దేవుని వెదకువారికి కొదువ లేదని తెలుపు ఆ వచనము పూర్తియగుచోట పుట ముగిసెను. ఇచ్చట నేను నిలువవలెను, తరువాతిది బెయితీన్ వ్రాయునని చెప్పి కలము దించెను. తరువాతి వచనము పిల్లలను పిలిచి దైవభీతిని నేర్పునది. తన తరువాత మఠమునకు తండ్రి కాబోవువానికి అది తగినదని అడమ్నాన్ వ్రాసెను. యౌవనములో రహస్యముగా వ్రాసికొనిన కీర్తనలు తనవేయని కొలుంబా విడువలేదని కథ. ఆ కథ నిజమైనను కాకపోయినను, కడపటి కీర్తన సగము పనితో మరియొకని చేతికి వెళ్లెను.

సాయంకాల ఆరాధన ముగిసిన పిమ్మట గదికి వచ్చి, పరుపు లేని రాతిమీద, రాయియే తలగడగా నున్న పడకమీద కూర్చుండెను. సహోదరులు తమలో తాము ప్రేమయు సమాధానమును కలిగియుండవలెనని సేవకునికి కడపటి మాటగా చెప్పెను. నడిరేయి గంట మ్రోగగానే అందరికంటె ముందుగా దేవాలయమునకు పరుగెత్తి, బలిపీఠము యెదుట మోకాళ్లూనెను. వెనుక వచ్చిన సేవకుడు చీకటిలో తడవుకొనుచు పిలిచి, పడియున్నవానిని కనుగొని, తల యెత్తి తన రొమ్మున ఆనించుకొనెను. సహోదరులు దీపములతో వచ్చి ఏడ్వసాగిరి. కొలుంబా కన్నులెత్తి ఇరువైపుల చూచెను. మాటరాలేదు. సేవకుడు ఆయన కుడిచేతిని ఎత్తి పట్టుకొనగా, ఆ చేతిని కదలించి ఆశీర్వదించి, ప్రాణము విడిచెను. అది జూన్ 9, ఆదివారము. అదే సంవత్సరమున ఇంగ్లాండు ఆగ్నేయ తీరమున రోమునుండి వచ్చిన అగస్టీను దిగెను.

ఇంత గొప్పవాని సమాధికి చుట్టుపట్ల దేశములన్నియు వచ్చి దీవిని నింపునని అంతకు మునుపు ఒక సహోదరుడు అమాయకముగా అనియుండెను. అట్లు జరుగదు, నా కుటుంబమువారే నన్ను పాతిపెట్టుదురని కొలుంబా బదులిచ్చెను. ఆయన చనిపోయిన పిమ్మట మూడు పగళ్లు మూడు రాత్రులు వాన లేని పెనుగాలి వీచెను. జలసంధిని ఏ పడవయు దాటలేకపోయెను. సహోదరులు శుభ్రమైన నారబట్టలో చుట్టి ఆయనను సమాధి చేసిరి. ఆ వెంటనే గాలి నిలిచెను, సముద్రము నిమ్మళించెను.